గుండుదెబ్బకు నిలిచి, గాలిదెబ్బకు చెడినది

ఆయుధపూజనాడు మన పట్టణములలోని ఏ ఫోటో స్టూడియోలోనికి పోయి చూచినను, బల్లపై ఎఱ్ఱని గుడ్డ పఱచి, కెమెరాలను, లెన్సులను, ఫ్లాషులను దానిమీద వరుసగా నిలిపి, పసుపు కుంకుమలతో బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, కర్పూరహారతి ఇచ్చుట కనిపించును. అన్నము పెట్టు పనిముట్టును దైవముగా భావించుట మన సంప్రదాయము. అందు తప్పుపట్టవలసినదేమియు లేదు, మెత్తని కుంకుమ మీటల సందులలోనికి దిగకుండ బొట్టు కొంచెము పక్కగా పెట్టినచో చాలును. ఐనను ఆ కెమెరాయే ముహూర్తములు వచ్చినంతనే పెండ్లిపందిరిలో ఏ గతి పట్టుచున్నదో చూచినవారికి, పూజకును వాడుకకును ఎంత దూరమో తెలియకపోదు. మంగళస్నానమున పసుపునీళ్లు దానిమీదనే చిందును. హోమగుండమునుండి లేచిన నేతిపొగ లెన్సుపై జిడ్డుపొరగా పేరుకొనును. తలంబ్రాలు పోయువేళ వధూవరుల శిరస్సులపై పడు బియ్యము ఎంతయో గాని, ఎదుట మోకాళ్లపై కూర్చున్న ఫోటోగ్రాఫరు కెమెరా సందులలో దూరు బియ్యము అంతకు తక్కువ కాదు. ఇన్నియు సహించి ఆ యంత్రము సాయంకాలమున రిసెప్షనుకు సిద్ధముగా నుండును. అదే యంత్రము, ఏ దెబ్బయు తగులని బీరువాలో రెండు మాసములు విశ్రమించి, బయటికి వచ్చునప్పటికి పనికిరాక పోవుటయు గలదు. కెమెరాకు ఏది నిజమైన ఆపద, ఏది కాదు అను విషయమున మన భయములు చాలవరకు తలక్రిందులుగా నున్నవని నా అభిప్రాయము. దానికి గల కారణములను భౌతిక రసాయన శాస్త్రములు చక్కగా చూపగలవు.

లోకము చెప్పుకొను కథలలో మొదటివి యుద్ధకథలు. బ్రిటిషు ఛాయాగ్రాహకుడు డాన్ మెకల్లిన్ ఇండోచైనా యుద్ధరంగమున పనిచేయుచుండగా ఒక తుపాకిగుండు వచ్చి ఆయన నికాన్ ఎఫ్ కెమెరాకు తగిలెను; కెమెరా అడ్డుండకపోయినచో అది ఆయనకే తగిలియుండెడిది. 1959లో జపానువారు విపణికి తెచ్చిన ఆ కెమెరాకు పోతపోసిన లోహపు గూడును, టైటేనియము రేకుతో చేసిన షట్టరు తెరయు ఉండుటచే, వార్తాపత్రికలవారు దానిని చిరకాలము విడువలేదు. ఐతే ఇట్టి కథలన్నింటిని విన్నంతనే నమ్ముటయు తగదు. 1944 జూన్ 6వ తేదీన మిత్రరాజ్యముల సేనలు నార్మండీ తీరమున దిగినపుడు వారితోకూడ నీళ్లలో దిగిన ఛాయాగ్రాహకుడు రాబర్ట్ కాపా తీసిన ఫిలిములు లండనుకు చేరగా, అచ్చట చీకటిగదిలో ఒక కుఱ్ఱవాడు వానిని తొందరగా ఆరబెట్టబోయి అలమర తలుపులు మూసివేసెననియు, వేడికి పూత కరగిపోయి పది పదకొండు చిత్రములు మాత్రమే మిగిలినవనియు దశాబ్దములపాటు చెప్పుకొనిరి. ఫిలిము పూత అట్టి అలమర వేడికి అట్లు కరగి జారదనియు, ఆనాడు ఒడ్డున కాపా తీసినవే ఆ కొద్ది చిత్రములై యుండుననియు తరువాతి పరిశోధకులు వాదించిరి. నాకును ఈ రెండవ మాటయే సమంజసముగా తోచుచున్నది. గుండ్ల వానలో మోకాలిలోతు నీటియందు నిలిచినవాడు పది చిత్రములు తీయుటయే ఘనకార్యము. దానికి చీకటిగదిలోని కుఱ్ఱవానిపై నేరము మోపి గొప్పతనము కల్పింపనక్కరలేదు.

గుండుదెబ్బ తినుట ఏ ఒక్కరికో గాని, చేయిజారుట అందరికిని గలదు. 1 మీటరు ఎత్తునుండి జారిన కెమెరా నేలను తాకునప్పటికి దాని వేగము సెకనుకు సుమారు 4.4 మీటర్లు. పడుటలో అపాయమేమియు లేదు. ఉన్న అపాయమంతయు ఆగుటలో నున్నది. నాపరాతి గచ్చుపై పడి 1 మిల్లీమీటరులో ఆగినదనుకొందము: పడిన దూరము ఆగిన దూరమునకు 1,000 రెట్లు కావున, ఆగు క్షణమున కెమెరాపై సగటున దాని బరువునకు 1,000 రెట్ల బలము పనిచేయును. అనగా 700 గ్రాముల వస్తువుపై రెప్పపాటులో నూరవవంతు కూడ లేని కాలముపాటు 700 కిలోల బరువు వేసినట్లగును. అదే కెమెరా స్పాంజి పొర గల సంచిలో నుండి 1 సెంటీమీటరు లోపలికి నొక్కుకొని ఆగినచో ఆ బలము పదవవంతునకు తగ్గును. క్రికెట్టు ఆటగాడు వేగముగా వచ్చు బంతిని పట్టునపుడు చేతులను వెనుకకు లాగుకొనుటలోని కిటుకు ఇదియే. లెన్సు మూతిమీది ఫిల్టరు చట్రము నలిగి, అద్దము పగిలి, లెన్సు మాత్రము నిక్షేపముగా నుండుటను మరమ్మతు చేయువారు నిత్యము చూచుచుందురు. ఆ నలుగుటలోనే దెబ్బలో కొంతభాగము ఖర్చైపోయినదన్నమాట. పైకి సొట్టపడని కెమెరాను చూచి సంతోషించుటయు తొందరపాటే. లోపలి కటకములలో ఒకటి వెంట్రుకవాసి ప్రక్కకు ఒరిగినను చిత్రమున ఒక వైపు స్పష్టముగాను, మఱియొక వైపు మసకగాను వచ్చును. దినపత్రికను విప్పి గోడకంటించి, దానికి తిన్నగా ఎదురుగా నిలిచి, కాంతి చొచ్చు లెన్సు రంధ్రమును పూర్తిగా తెఱచి ఒక చిత్రము తీసి, నాలుగు మూలల అక్షరములను పోల్చి చూచినచో ఈ లోపము దాగదు.

ఇంతటి దెబ్బలను పట్టించుకొననివారు కూడ లెన్సు ముందుభాగమున ఒక చిన్న గీత పడినచో తిండి మానివేయుట నేను చూచితిని. ఆ దుఃఖము నిరాధారము. ఎదుటనున్న వస్తువుపైని ఒక్కొక్క బిందువునుండి వచ్చు కాంతి లెన్సు యొక్క ఏదో ఒక చోటనుండి గాక, దాని వైశాల్యమంతటినుండియు లోపలికి పోయి, మరల ఒకే బిందువుగా కూడును. కావున ముందుభాగమున ఒక గీత అడ్డుపడినచో ఆ బిందువునకు చేరు కాంతి లేశమాత్రము తగ్గునే గాని, చిత్రమున గీత పడదు. నమ్మనివారు చిక్కుడుగింజంత కాగితపుముక్కను లెన్సు నడుమ అంటించి చిత్రము తీసి చూడవచ్చును: రంధ్రము తెఱచియున్నంతవరకు చిత్రము సంపూర్ణముగానే వచ్చును. దీనికి వ్యతిరేకముగా, కంటికి కనిపింపని దుమ్ముకణము లోపలి సెన్సరుపైని గాజుపలక మీద వాలినచో, కాంతి అచ్చట దాదాపు కూడిపోయి యున్నది కావున, ప్రతి చిత్రమునందును ఒకే చోట ఒక మచ్చ పడును; రంధ్రమును చిన్నదిగా చేసినకొలది ఆ మచ్చ గాఢమగును. ఆకాశమున పక్షి లేనిచోట పక్షి కనిపించుటకు కారణమిదియే. ఈ దుమ్మును విదిలించుటకై సెన్సరు ముందరి పలకను వినరాని ధ్వనితరంగముల వేగముతో వణికించు ఏర్పాటును 2003లో ఒలింపస్ సంస్థవారు తమ ఇ-1 కెమెరాలో ప్రవేశపెట్టగా, తక్కినవారును ఆ మార్గమునే పట్టిరి.

లెన్సు విషయమున నిజముగా భయపడవలసినది గీతకు గాదు, తుడుచు చేతికి. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన పూత, మెగ్నీషియము ఫ్లోరైడు వంటి లవణమును శూన్యమున ఆవిరిచేసి గాజుపై పట్టించునది, మిల్లీమీటరులో 10,000వ వంతు మందము గలది; గాజుపై పడి వృథాగా వెనుకకు పోవు కాంతిని అది లోపలికి మరల్చును. వీధి దుమ్ములో అధికభాగము ఇసుకపొడి. ఇసుక గాజుకంటె కఠినము. అట్టి దుమ్ము మీద నుండగనే చొక్కాకొసతోనో, కండువాతోనో గట్టిగా రుద్దువాడు, తన చేతితో తానే ఆ పూతను ఉప్పుకాగితముతో అరగదీయుచున్నాడు. మొదట రబ్బరు బుడ్డితో గాలి ఊది, పిదప మెత్తని కుంచెతో విదిల్చి, హోమపు జిడ్డు వంటిది మిగిలినచో మాత్రమే లెన్సు ద్రవము చిలికిన బట్టతో నడిమినుండి అంచుకు తేలికగా తుడువవలెను. తుడుచుటకంటె తుడువకుండుటయే చాల సందర్భములలో మేలు.

సూర్యుని సంగతి వేఱు. 50 మిల్లీమీటర్ల లెన్సు దూరవస్తువులకు సరిచేసి యుండగా, దానిలో ఏర్పడు సూర్యబింబము అర మిల్లీమీటరుకు లోపు. లెన్సు రంధ్రము 25 మిల్లీమీటర్లు తెఱచియున్నచో ఆ వైశాల్యమున పడిన ఎండ అంతయు ఆ చుక్కలోనికి చేరి, మామూలు ఎండకంటె దాదాపు 3,000 రెట్లు తీవ్రమగును. రబ్బరు పూసిన బట్టతో షట్టరు తెరలు గల పాత లైకా కెమెరాలను మెడలో వేసికొని, లెన్సు ఆకాశమువైపునకు తిరిగియుండగా ఎండలో ఏమఱి నడచినవారి తెరలలో సూదిమొన బెజ్జములు పడెడివి. ఇంటికి పోయి ఫిలిము కడిగినదాక ఆ సంగతి తెలిసెడిది కాదు. నేటి సెన్సరులకు ఎండకంటె లేజరు దీపములు ప్రమాదకరములు. ఊరేగింపులలోను, రిసెప్షను వేదికలపైనను గిరగిర తిరుగు ఆ కిరణము ఒక్కసారి లెన్సులో సూటిగా పడినచో, సెన్సరుపై ఒక గీత శాశ్వతముగా నిలిచిపోవచ్చును. అపోలో 12 యాత్రలో, 1969 నవంబరున, ఆలన్ బీన్ చంద్రతలమున టెలివిజను కెమెరాను మార్చి పెట్టబోవుచు దానిని సూర్యునివైపు త్రిప్పగా లోపలి గొట్టము చెడి, భూమిమీద ఎదురుచూచుచున్నవారికి ఆ నడకల దృశ్యము మరి కనిపింపలేదు. అంత శిక్షణ పొందినవానికే తప్పనిది, డీజే ముందు చిందులాటలో పరుగులు తీయువానికి తప్పునా?

ఉప్పునీటిది మఱింత కపటమైన శత్రుత్వము. సూర్యలంక ఒడ్డునను, ఋషికొండ ఒడ్డునను పెండ్లికి ముందటి చిత్రములు తీయు వేడుక ప్రబలిన పిదప, అలల దెబ్బ తిన్న కెమెరాలు మరమ్మతు దుకాణములకు వచ్చుట సామాన్యమైనది. సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములు అయానులుగా విడిపోయి యుండి, విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును. కెమెరాలోని సన్నని రాగితీగల నడుమ ఆ నీరు నిండి, బ్యాటరీయు లోపలనే యున్నచో, విద్యుద్విశ్లేషణము తత్క్షణమే ఆరంభమగును: ధనధ్రువమువద్ద రాగి కరగును, ఋణధ్రువమువైపు ఆ లోహమే సన్నని పోగులుగా పెరిగి రెండు తీగలను కలిపివేయును. కావున తడిసినవెంటనే చేయవలసినది, పనిచేయునో లేదో చూతమని మీట నొక్కుట గాదు, బ్యాటరీని ఊడబెరుకుట. ఎండబెట్టినంతమాత్రమున కథ ముగియదు. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియము లవణములు గాలిలోని తేమను తమంత తామే పీల్చుకొని మరల చెమ్మగిల్లును. తుప్పు నిశ్శబ్దముగా సాగును. అందుచే పై భాగములను మంచినీటితో తడిపిన బట్టతో తుడిచి, ఆలసింపక విప్పి శుభ్రపరుచువానికి అప్పగింపవలెను. తడిసిన కెమెరాను బియ్యపుడబ్బాలో పాతిపెట్టు ఆచారము ఎక్కడినుండి వచ్చినదో గాని, బియ్యము లోపలి నీటిని లాగలేదు సరికదా, దాని తెల్లని పొడి సందులలోనికి చేరి పేస్టగును. తలంబ్రాల బాధ చాలక ఇదియొకటి!

చలికి సంబంధించిన ఆపదలను హెర్బర్ట్ పాంటింగ్ అనుభవించినంతగా అనుభవించినవారు అరుదు. 1910లో కెప్టెన్ స్కాట్ వెంట అంటార్కిటికాకు పోయిన ఈ ఇంగ్లీషువాడు, ఒకనాడు కెమెరాను సరిచేయుచు పెదవి తడుపుకొనగా, నాలుక లోహభాగమునకు తగిలి, తగిలినదే తడవుగా గడ్డకట్టి అంటుకొనిపోయెను. లాగుకొనగా చర్మము ఊడివచ్చెను. 1911 జనవరిలో కిల్లర్ తిమింగిలములను చిత్రించవలెనని మంచుపలక అంచున నిలిచియుండగా, అవి క్రిందనుండి వచ్చి రెండున్నర అడుగుల మందము గల ఆ మంచును వీపులతో కొట్టి బద్దలుచేసినవి. పాంటింగు కదలుచున్న ముక్కనుండి ముక్కకు దూకుచు, కెమెరాను మాత్రము వదలకుండ, ఒడ్డు చేరెను. ఐనను ఆయన నిత్యబాధ తిమింగిలములు గాదు, తమ కుటీరములోని వెచ్చదనము. బయటి చలినుండి లోపలికి తెచ్చిన కెమెరా నీటిలో ముంచి తీసినట్లు తడిసిపోవుచుండుటచే, అవసరము లేనపుడు దానిని చలిలోనే ఉంచివేయుట ఆయన అలవాటు.

పాంటింగునకు కలిగిన చిక్కు విజయవాడ ఫోటోగ్రాఫరునకును, తిరుగబడిన రూపమున, ప్రతిదినము కలుగుచున్నది. గాలి ఎంత వెచ్చనిదైన అంత తేమను మోయగలదు. చల్లబడినకొలది ఆ శక్తి తగ్గి, ఒక హద్దుకు చేరగానే తేమను నీటిబొట్లుగా విడిచివేయును. ఆ హద్దునే శాస్త్రమున తుషారస్థానమందురు. వర్షాకాలమున ఒకనాడు బయటి వేడిమి 34 డిగ్రీలు, తేమ 70 శాతము ఉన్నదనుకొందము: ఆ గాలి 28 డిగ్రీలకు చల్లబడినంతనే నీటిని విడువ మొదలిడును. హోటలు గదిలో ఏసీ చల్లదనమున రాత్రియంతయు ఉన్న కెమెరా 23 డిగ్రీల వద్ద నుండును. దానిని బయటికి తెచ్చి మూత తీయగానే లెన్సు పాలవలె తెల్లబడుటలో వింత యేమున్నది? పైని పట్టిన తేమ పది నిమిషములలో ఆరిపోవును. లోపలి కటకములమీద పట్టినది అంత సులభముగా పోదు. గదిలో నుండగనే కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి, బయటికి తెచ్చి, అది పరిసరముల వేడిమికి వచ్చినదాక అట్లే ఉంచినచో, నీరు సంచిపై పట్టునే గాని కెమెరాపై పట్టదు. అరగంట ముందు మేల్కొనువారికి ఈ బాధ లేదు.

యంత్రము చెడినను చిత్రము మిగులుట అను అద్భుతమును గూర్చియు ఇచ్చట చెప్పవలెను, ఏలయన తేమ ఏమి చేయునో తెలిసికొనుటకు తేమ చేరనిచోట ఏమి జరుగునో చూచుట మంచిది. 1915 అక్టోబరు చివర, అంటార్కిటికా యాత్రకు పోయిన షాకిల్టన్ నౌక ఎండ్యూరెన్స్ వెడెల్ సముద్రపు మంచులో నలిగిపోగా నావికులందరు మంచుపైకి దిగిరి. ఛాయాగ్రాహకుడు ఫ్రాంక్ హర్లీ తన గాజు నెగటివులు లోపల నీటిలో మునిగియున్నవని సహింపలేక, నౌక గోడ బద్దలుకొట్టించి, బట్టలు విడిచి, మంచుముక్కలు తేలు ఆ నీటిలో దిగి పెట్టెలను వెలికిదీసెను. మూతలు సీసముతో అతికిన డబ్బాలలో నుండుటచే నెగటివులు చెడలేదు. ఐతే ముందు ప్రయాణము పడవలపైనను, కాలినడకనను గదా. అంత బరువు మోయుట అసాధ్యము. షాకిల్టనును హర్లీయు మంచుపై కూర్చుండి, ఒక్కొక్క పలకను వెలుతురుకు పట్టి చూచి, సుమారు 120 ఏరుకొని, తక్కిన 400 పలకలను, మనసు మారి మరల వానికై తిరిగిరాకుండుటకై, అక్కడికక్కడనే పగులగొట్టిరి. పెద్ద కెమెరాలన్నియు విడిచి, జేబులో పట్టు కోడక్ ఒకటియు, మూడు ఫిలిముచుట్టలును మాత్రము హర్లీ ఉంచుకొనెను. 1916 ఆగస్టు 30న ఎలిఫెంట్ ద్వీపమునుండి వారిని రక్షించునంతవరకు ఆ చేతిపెట్టెయే పనిచేసినది. ఫోటోగ్రాఫరు తన కెమెరాను ప్రేమించుననుట లోకోక్తి. హర్లీ విడిచినవేవి, తెచ్చుకొన్నవేవి అని చూచినచో ఆ మాటను కొంచెము సవరింపవలసియుండును. చంద్రునిపై నడచినవారును ఫిలిము పెట్టెలను మాత్రము తెచ్చి, బరువునకు వెఱచి హాసెల్‌బ్లాడ్ కెమెరాలను అక్కడనే విడిచివచ్చిరి.

హర్లీకంటె ముందుది స్వీడనువారి కథ. 1897 జూలై 11న బెలూనులో ఉత్తరధ్రువమునకు బయలుదేరిన ఆంద్రే, స్ట్రిండ్‌బెర్గ్, ఫ్రెంకెల్ అను మువ్వురు మూడు దినములలో మంచుపై దిగి, నెలలపాటు నడచి, ఒక నిర్జనద్వీపమున మరణించిరి. 33 సంవత్సరములకు, 1930లో, వారి శిబిరము బయటపడగా, అందు స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫిలిములు మంచులో గడ్డకట్టి దొరికినవి. స్టాక్‌హోములో జాన్ హెర్ట్స్‌బెర్గ్ అను నిపుణుడు వానిని అతిజాగ్రత్తతో కడిగి, 240 చిత్రములలో 93 చిత్రములను రక్షించెను. పడిపోయిన బెలూను ప్రక్కన నిలిచిన ఇరువురు మనుష్యులు 33 ఏండ్ల పిమ్మట కాగితముపై కనిపించిరి. ఇది ఎట్లు సాధ్యమైనది? ఫిలిముపై కాంతి పడినపుడు సిల్వర్ బ్రోమైడు స్ఫటికమున కొద్దిపాటి వెండి పరమాణువులు ఒకచోట చేరును. వ్రేళ్లపై లెక్కింపదగిన ఆ పరమాణువుల గుంపే కడుగబడని చిత్రము. వేడిమియు, తేమయు కలిసి ఆ గుంపును చెదరగొట్టును. నీరు ఘనీభవించినచోట రసాయనక్రియలు నత్తనడక నడుచును. 1924లో ఎవరెస్టుపై అదృశ్యులైన మాలరీ, అర్విన్‌ల వద్దనున్న చిన్న కోడక్ కెమెరా నేటివరకు దొరకలేదు. దొరికినచో దానినుండి చిత్రము రాబట్టవచ్చునను ఆశకు ఆధారము స్ట్రిండ్‌బెర్గ్ ఫిలిములే.

ఇప్పుడు మన బీరువాకు వత్తము. బూజు విత్తనములు, అనగా శిలీంధ్రబీజములు, గాలిలో లేనిచోటు లేదు. కొత్త లెన్సు కర్మాగారమునుండి వచ్చునపుడే కొన్నింటిని వెంటబెట్టుకొని వచ్చును. అవి మొలకెత్తుటకు కావలసినది, 70 శాతమునకు మించిన తేమ కొన్నాళ్లపాటు తగ్గకుండుట, మన ఇండ్లలోని మామూలు వెచ్చదనము, చీకటి, కదలని గాలి. ఆహారమునకు గాజు అక్కరలేదు. వ్రేలిముద్రలోని కొవ్వు, దుమ్ములోని పోగు, లోపలి కందెన ఆవిరి చాలును. తినుట వఱకైన క్షమింపవచ్చును గాని, ఎదుగుచు అది విడుచు ఆమ్లములు ముందు చెప్పిన పూతను, దాని క్రింది గాజును కొఱికివేయును. రెండవ ప్రపంచయుద్ధమున న్యూగినీ అడవులలో సైనికుల దుర్భిణులు శత్రువు కొట్టకయే గ్రుడ్డివగుచుండగా, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ సమస్యను ప్రత్యేకముగా పరిశోధించి, పాదరస సంబంధమైన శిలీంధ్రనాశకమును పరికరములలో వాడి చూచిరి. అట్టి విషములు నేడు ఇండ్లలో పెట్టదగినవి కావు.

మరమ్మతు బల్లవద్ద ఇది ఎట్లు బయటపడునో చూడదగినది. పనివాడు లెన్సును ఆకాశమువైపు పట్టి చూడడు. లెన్సు రంధ్రపు ఆకులను పూర్తిగా తెఱచి, చిన్న టార్చిని వెనుకనుండి ఏటవాలుగా పట్టి, ముందునుండి చూచును. మామూలు వెలుతురున నిర్మలముగా కనిపించిన గాజులో అంచునుండి నడిమికి కొమ్మలు చాచిన తెల్లని పోగులు అపుడు వెలుగును. "ఎన్నాళ్లయింది సార్, దీన్ని తీసి?" అని అతడడుగును. తెచ్చినవాడు జవాబు చెప్పుటకు ముందే అతడు తోలుపెట్టె వాసన చూచి గ్రహించియుండును. రెండు మొనల పనిముట్టుతో కంకణమును త్రిప్పి విప్పి, కటకమును బయటికి తీసి, తుడిచి చూచును; పోగులు పోయినచోట వాని ఆకారమే గాజుపై చెక్కినట్లు మిగిలియున్నచో, ఇక చేయగలిగినది లేదు. ఆ గీతలు చిత్రమున గీతలుగా కనిపింపవు గాని, కాంతిని చెదరగొట్టి, నలుపును బూడిదరంగుగా మార్చివేయును.

ఇందు మన దేశకాలముల పాత్ర విశేషమైనది. ఆషాఢమునను, భాద్రపదమునను పెండ్లి ముహూర్తములు లేవు. మూఢము వచ్చినచో మరికొన్ని దినములు తోడగును. పనిలేని ఆ దినములే వానదినములు. కోస్తా జిల్లాలలో అపుడు గాలిలోని తేమ 70, 80 శాతముల నడుమ నుండుట సామాన్యము. వైశాఖ జ్యేష్ఠములలో రాత్రింబవళ్లు చేతులు మారి, పొగలోను, ఎండలోను, పసుపులోను తిరిగిన కెమెరాను, పాపము దానికి విశ్రాంతి యని, చెమటచేతుల జిడ్డుతోనే తోలుపెట్టెలో మూసి, ఆ పెట్టెను సంచిలోను, సంచిని గోడకానుకొన్న బీరువాలోను పెట్టి తాళము వేయుదురు. బూజునకు ఇంతకంటె శ్రద్ధగా పాన్పు వేయువారు మఱి యెవ్వరు? తోలు తేమను పీల్చి నిలుపును; అంగడివాడు ఉచితముగా ఇచ్చిన ఆ అందమైన పెట్టెయే ప్రథమశత్రువు. బట్టలకు వేసిన నాఫ్తలీను ఉండలు బూజునకు మందని యెంచి ప్రక్కన పెట్టువారు గలరు. వాని ఆవిరి గాజుపైని పేరుకొని కొత్త మసకను తెచ్చును.

గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు సిలికాజెల్ సంచులును, అంగడిలో కొద్ది రూపాయలకు దొరకు తేమమాపకమును ఉంచి, ముల్లు 40, 50 శాతముల నడుమ నిలుచునట్లు చూచినచో చాలును. సిలికాజెల్ గ్రాములోని కంటికానని రంధ్రముల ఉపరితలమును విప్పి పఱచినచో కొన్ని వందల చదరపు మీటర్లుండును. నీటి అణువులు ఆ గోడలకంటుకొని నిలుచుటనే అధిశోషణమందురు. గోడలన్నియు నిండినపిదప అది వట్టి ఇసుకతో సమానము కావున, రంగు మారినంతనే 120 డిగ్రీల ప్రాంతమున వేయించి, చల్లార్చి, మరల పెట్టవలెను. నీలమునుండి గులాబికి మారు రకములోని కోబాల్టు లవణము విషపదార్థము. నారింజనుండి ఆకుపచ్చకు మారు రకమును కొనుట మంచిది, వంటపెనముపై వేయింపకుండుట మఱియు మంచిది. తేమను మఱీ 30కి దిగువకు దింపినచో రబ్బరు పట్టీలును, కందెనలును ఎండిపోవును.

డబ్బా కొనుటకు బద్ధకించువారు ఆషాఢమంతయు వారమునకొకమారు, వాన తెఱపి యిచ్చిన ఉదయమున, కెమెరాను బయటికి తీసి, లెన్సును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి, షట్టరును ఇరువది ముప్పది మార్లు నొక్కి, పెరటిలోని జామచెట్టునో, వీధిలోని కుక్కనో నాలుగు చిత్రములు తీసి, లోపలి గాలిని మార్చి మరల పెట్టవచ్చును. తోలుపెట్టెను మాత్రము వేఱొక అరలో పెట్టవలెను.